టు-లెట్: ఫ్యామిలీకి మాత్రమే

బయలుదేరే ముందు

మే నెలలో బుద్ధున్నవాళ్లు ఊటీకో అరకుకో వెళ్తారు. నేను కడప జిల్లాకు వెళ్లొచ్చాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ చూశాను. చూశానంటే ఆ ఊళ్లలో వంటిళ్లు, నీళ్ల ట్యాంకులు, బాత్‌రూం తలుపుల గడియలు చూశాను. గండికోట చూశావా అని తిరిగొచ్చాక అందరూ అడుగుతున్నారు. చూడలేదు. ఉండడానికి రెండు గదులు దొరకనివాడికి కోటలతో పనేముంది?

సంగతేమిటంటే, దానియేలు పశువుల డాక్టరు. అతన్ని ముద్దనూరుకు బదిలీ చేశారు. ముద్దనూరు నుంచి ఈ మూడు ఊళ్లకూ బస్సులున్నాయి కాబట్టి ఎక్కడ ఇల్లు దొరికితే అక్కడే మా కాపురం. కాపురం అనే మాట తెలిసే రాశాను. దానియేలూ నేనూ ఏడేళ్లుగా విజయవాడలో ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇంటి ఓనరుకు మేం రూమ్మేట్లం, పాలవాడికి సార్లం, అసలు సంగతి మా ఇద్దరికే తెలుసు. నేను ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తాను కాబట్టి ఏ ఊరైనా నాకు ఒకటే. ఇల్లు దొరక్కపోతే మాత్రం అతను అక్కడ, నేను ఇక్కడ, నెలకోసారి రైలు. దాన్ని కాపురం అనరు, క్యాంపు అంటారు. ఆ మాట తలుచుకుంటేనే నాకు దిగులేసింది.

సరిగ్గా అప్పుడే ఒక పత్రిక ఎడిటరు ఫోన్ చేశాడు. అమెరికాలో నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటాన్నీ, గే మనుషుల పోరాటాన్నీ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం కావాలన్నాడు. నేను అమెరికా చూడలేదు. చూడని దేశం గురించి రాయడం తెలుగులో నేరం కాదు కాబట్టి ఒప్పుకున్నాను. మొదటి వాక్యం అప్పుడే రాసేశాను కూడా. "రెండు పోరాటాలూ ఒక తల్లి బిడ్డలే." రాసి, చాలాసేపు దాన్నే చూసుకుని మురిసిపోయాను. దానియేలు వచ్చి భుజం మీదుగా చదివాడు.

"తల్లి పేరేంది?" అని అడిగాడు.

ఇక్కడ మా ఇద్దరి పుట్టుకా చెప్పాలి. నేను తెనాలి వైపు రెడ్ల ఇంట్లో పుట్టాను. పేరు చివరి తోక తీసేసి మధు అని రాసుకుంటాను. తోక తీసేస్తే పోయేదేమీ లేదు, అవసరమైనప్పుడు అదే మొలుస్తుంది. దానియేలు కమలాపురం దగ్గర మాలపల్లెలో పుట్టాడు. అంటే నేను కాగితం మీద పక్కపక్కన పెట్టాలని అవస్థపడుతున్న రెండు బాధలూ మా ఇంట్లో ఒక మనిషిలోనే ఉన్నాయి. అతన్ని అడిగితే సరిపోతుందని నాకు తట్టలేదు. ఎంతైనా అతను అమెరికావాడు కాదుగా.

ప్రొద్దుటూరు: అన్నదమ్ములం

బస్సు దిగేసరికి పొద్దున ఏడైనా కాలేదు. ఎండ మాత్రం మా కంటే ముందే వచ్చి కూర్చుంది. హోటల్లో ఉగ్గాని తిన్నాం. మరమరాల్ని, అదే ఇక్కడ బొరుగుల్ని, నానబెట్టి పిండేసి, ఉల్లిపాయ తాలింపు వేసి చేస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. మా వైపు బజ్జీ అంటే వాన పడే సాయంత్రం తినేది. ఇక్కడ ఎండ కాసే ఉదయం తింటారు. ప్లేటు నలభై రూపాయలు, కన్నీళ్లు ఉచితం. నేను ఒక బజ్జీ కొరికి ముక్కూ కళ్లూ తుడుచుకుంటుంటే హోటలాయన జాలిగా మంచినీళ్లు తెచ్చిపెట్టాడు.

"కోస్తావోళ్లాప్పా? బెల్లం తెప్పియ్యల్నా?" అన్నాడు.

దానియేలు మూడో బజ్జీ తింటూ సొంత జిల్లా గౌరవం నిలబెట్టాడు.

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. బంగారం అంగళ్లు, బట్టల అంగళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. వాటి వెనక సందుల్లో మా గమ్యం. గోడ గోడకీ టు-లెట్ బోర్డు, బోర్డు బోర్డుకీ కింద "ఫ్యామిలీకి మాత్రమే" అన్న మాట. అమెరికాలో హోటళ్ల మీద, మంచినీళ్ల కుళాయిల మీద "తెల్లవాళ్లకు మాత్రమే" అని రాసేవాళ్లట. నాకు వెంటనే వ్యాసం గుర్తొచ్చింది. పోలిక దొరికిందని దానియేలుతో సంబరంగా చెప్పాను.

"వాళ్లు నిజాయితీపరులు. బోర్డు మీదనే రాసినారు," అన్నాడు దానియేలు. "మనోళ్లు బోర్డు మీద ఫ్యామిలీ అని రాస్తారు, గడపలో నిలబెట్టి కులం అడుగుతారు."

బ్రోకరు మస్తాన్ చలాకీ మనిషి. స్కూటరు మీద ముగ్గురం ఎక్కాం. ఇంటి ముందు దిగగానే మమ్మల్ని పక్కకు లాగి సలహా ఇచ్చాడు.

"సార్, బ్యాచిలర్లంటే ఈయన ఇయ్యడు. అన్నదమ్ములని చెప్పండి. తమ్ముడు డాక్టరు, అన్న ఇంట్లోనే పని చేసుకుంటాడు. ఖతం."

నాకు ఆ ఆలోచన తెగ నచ్చింది. ఏడేళ్లుగా రూమ్మేట్లుగా ఉన్నవాళ్లం ఒక్క నిమిషంలో రక్తసంబంధీకులం అయిపోతున్నాం. దానియేలు ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే అని నేను ఏడేళ్లుగా అనుకుంటున్నాను.

ఇంటాయన రిటైరయిన ఉద్యోగి. నా ఇంటిపేరు అడిగాడు. నేను చెప్పిన అయిదు నిమిషాల్లో, మా మేనత్త కూతుర్ని మైదుకూరులో ఇచ్చిన ఇంటికి తనూ చుట్టమేనని తేల్చాడు. తోక మొలిచింది. కుర్చీలు వచ్చాయి, మజ్జిగ వచ్చింది. ఇల్లు చూపించాడు. పడగ్గది ఒకటే. దానికి ఆయనే బాధపడ్డాడు.

"ఒగటే రూమప్పా. ఇద్దురికీ ఇరుకైతాదేమో."

"సర్దుకుంటామండి," అన్నాను.

"అన్నదమ్ములంటే అట్లుండల్ల! ఈ కాలంలో ఒగ కడుపున పుట్టినోళ్లు ఒగ మంచం మీద పండుకుంటాండారా?" అని మస్తాన్ వైపు తిరిగి మరీ మెచ్చుకున్నాడు. మస్తాన్ కూడా కళ్లు తుడుచుకునేంత పని చేశాడు.

అంతా అయిపోయినట్టే. తాళంచెవి ఆయన జేబులోంచి సగం బయటికి వచ్చింది. అప్పుడు ఆయన దానియేలు వైపు చూసి, "తమ్మునికి మీ పోలికలు రాల్యా. మీ నాయిన మాదిరి ఉంటాడా?" అని అడిగాడు.

"మా నాయిన మాదిరే ఉంటా సార్," అన్నాడు దానియేలు. "మా నాయిన పేరు యోహాను. కమలాపురం కాడ మాలపల్లె. నేను ఈయనకు తమ్ముణ్ణి కాదు."

తాళంచెవి మళ్లీ జేబులోకి వెళ్లిపోయింది. ఇంటాయన దానియేలును తిట్టలేదు, అతని వైపు చూడడం మానేశాడంతే. నా వైపు తిరిగి, ఒంట్లో బాగాలేనివాణ్ణి పలకరించినట్టు అడిగాడు.

"ఒగే పొయ్యి మీద వండుకుంటారా?"

"అవునండి."

"ఒగే గిన్నెల్లో?"

"అవునండి."

"ఏందప్పా ఇది, మీ ఇంట్లో ఇంత సదువుకోని... సుట్టమై ఉండి అడుగుతాండా. మీరొక్కరే అయితే రేపే దిగండి. అడ్వాన్సు కూడా వద్దు."

ఏడేళ్లుగా నేను దేనికి భయపడి తలుపులు వేసుకుంటున్నానో ఆ అనుమానం ఆ మహానుభావుడికి రానే లేదు. మా మంచం దగ్గర ఆయన మనసు కడిగిన ముత్యంలా ఉంది. మా పొయ్యి దగ్గరే మలినమైపోయింది.

ప్రొద్దుటూరు: ఎర్రకారం దోసె

సాయంత్రం దోసె బండి దగ్గర నేను దానియేలు మీద విరుచుకుపడ్డాను. ఎర్రకారం పూసిన దోసె ముందు కూర్చుని కోపం తెచ్చుకోవడం సులువు, సగం పని కారమే చేస్తుంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఇల్లు వచ్చేదన్నాను. విజయవాడలో అబద్ధం చెప్పలేదా, ఇక్కడ మాత్రం సత్యహరిశ్చంద్రుడివి ఎందుకయ్యావన్నాను.

దానియేలు దోసె తినడం ఆపలేదు. తినడం అయ్యాకే మాట్లాడాడు.

"రూమ్మేట్ అని నువ్వు చెప్పినా, నేను చెప్పినా, దాచేది మన సంగతి. మనది మనం దాచుకుంటాండాం. సరే. అన్నదమ్ములం అంటే నేను రెడ్డిని గావల్ల. నేను రెడ్డినైతే మా నాయిన యాడ పోవల్ల?"

"అది ఊరికే ఇంటికోసం..."

"ఒగటి దాచేదానికి ఇంగోదాన్ని పూడ్సిపెట్టమంటాండావు మధూ. నువ్వు ఏం పూడ్చినావు? చెప్పు. నీకు మజ్జిగ ఇచ్చినారు."

బండి అతను ఇంకో దోసె వెయ్యమంటారా అని అడిగాడు. నేను వద్దన్నాను. నల్లవాళ్లు చర్మాన్ని దాచలేరు, మేం దాచుకోగలం, అదే ముఖ్యమైన తేడా అని వ్యాసం రెండో పేరాలో రాయాలనుకున్నాను. తెల్లవాళ్లలా కనబడే నల్లవాళ్లు కొందరు అక్కడా తెల్లవాళ్లుగా చలామణి అయ్యారనీ, అలా అయినవాళ్లు కన్నతల్లి వీధిలో ఎదురైనా పలకరించేవాళ్లు కాదనీ నేనే ఎక్కడో చదివాను. చదివి, మంచి ఉదాహరణ అని పెన్సిల్‌తో గీత గీసుకున్నాను కూడా. ఆ రోజు మధ్యాహ్నం నేను దానియేలును అదే చెయ్యమని అడిగాను. నాకు సిగ్గేసింది. అదే మాట అతనితో అన్నాను.

"సిగ్గు తర్వాత పడుదువులే. నీళ్లు తాగు, ముక్కు కారుతాంది," అన్నాడు.

జమ్మలమడుగు: గోడ మీది పటం

రెండో రోజు జమ్మలమడుగు. పెన్నా మీద వంతెన దాటుతుంటే కింద నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనబడింది. బస్సులో పక్క సీటు పెద్దాయన దానియేలును, "ఏ ఊరప్పా? ఎవురోళ్లు?" అని ఆప్యాయంగా అడిగాడు. నల్లవాళ్లు బస్సులో సీటు కోసం పోరాడారు. మన బస్సులో ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు, కూర్చున్నాక పక్కవాడికి కులం చెప్పుకుంటే చాలు. ఈ సౌకర్యం అమెరికాలో ఉందో లేదో తెలియదు.

అక్కడ దానియేలుకు చదువు చెప్పిన ఇమ్మానుయేలు సారున్నారు. వాళ్ల కాలనీలో సారు ఇంటి వెనక ఒక పోర్షను ఖాళీ. నాపరాళ్లు పరిచిన ఇల్లు, కాలు పెడితే చల్లగా ఉంది. హాల్లో గోడ మీద ఒక పటం. ఏదో పాత ఇంగ్లిషు పత్రికలోంచి కత్తిరించి ఫ్రేము కట్టించారు. ఆడా మగా నల్లవాళ్లు చేతులు పట్టుకుని రోడ్డంతా నిండి నడిచొస్తున్నారు. ఆ పటం కింద కూర్చుని సారు నాకు అమెరికా చెప్పారు. ఎడిటరు నా బదులు ఆయనకు ఫోన్ చెయ్యాల్సింది.

"వాళ్లకు కొళాయి వేరే. మాకు గ్లాసు వేరే," అన్నారు సారు. "టీ హోటల్లో మా గ్లాసు సూర్లో దోపి పెట్టేవాళ్లు. మేమే తీసుకోని, మేమే కడుక్కోని తాగల్ల. ఆ పటంలో ఉండేటోళ్లను నేను సూడల్యా. అయినా వాళ్లు మా పెద్దోళ్లే అనుకుంటా."

సారు భార్య మార్తమ్మగారు రాగిసంగటి, నాటుకోడి పులుసు, అలసంద వడలు పెట్టారు. మా ఇంట్లో సంగటి అంటే షుగరు వచ్చినవాళ్లు ఏడుస్తూ తినేది. ఇక్కడ ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుని తింటుంటే, ఇన్నాళ్లూ షుగరు రాకుండా ఎంత నష్టపోయానో తెలిసింది. ఒక రెడ్డి తమ కాలనీలో అద్దెకు దిగుతానంటున్నాడని సారుకు మహా సంతోషంగా ఉంది. పోర్షను చూపించారు, అద్దె చెప్పారు, బేరం కూడా ఆయనే ఆడి ఆయనే తగ్గించారు. అంతటితో ఆగితే బాగుండేది.

"మా తమ్ముని కూతురు ఆసుపత్రిలో నర్సప్పా," అన్నారు దానియేలుతో. "మంచి పిల్ల. నువ్వు ఊ అంటే ఆదివారం చర్చి కాడనే మాట్లాడుకుందాం."

దానియేలు చెయ్యి పులుసులోనే ఆగిపోయింది. ఎన్నో సాకులున్నాయి, వాటిలో చాలావరకు మేం వాడినవే. నేను కొత్తది వెతుకుతున్నాను. అతను వెతకలేదు.

"నాకు పెండ్లి వద్దు సార్. నేను ఈయనతోనే ఉంటాండా. ఏడేండ్లాయ. స్నేహితులం గాదు."

సారు ముందు నవ్వారు. తర్వాత అర్థమై, నీళ్ల చెంబు పక్కకు జరిపారు. బైబిలు మాట రెండు చెప్పారు. అది మాకు అలవాటే. కానీ నేను ఊరుకోకుండా గోడ మీది పటం చూపించి, సార్, వాళ్లదీ మాదీ ఒకటే పోరాటం కదా అన్నాను. నా వాక్యం మీద నాకు ఇంకా మమకారం చావలేదు.

సారు లేచి నిలబడ్డారు.

"ఒగటి యెట్లైతాది? మా నాయిన దప్పికైతే బాయి కాడ నిలబడుకోని ఎవురన్నా పోస్తారని సూసేవాడు. బాయి ఎవురిది? మీ మాదిరి రెడ్లది. ఇప్పుడు మీరొచ్చి నీ బాధా నా బాధా ఒగటే అంటాండారు. మీకు సాలైన పొద్దు పెండ్లి సేసుకోని ఇంటికి పోతారు, భూమిస్తారు. మేం యాడికి పోవల్ల? ఆ పటంలోకి మీరు దూరొద్దు."

ఆయన చెప్పింది నిజమే. అందుకే నాకు కోపం వచ్చింది. మా ఇంటికి నేను పోలేననీ, మా నాన్న నా భూమి ఎప్పుడో తమ్ముడి పేర పెట్టేశాడనీ చెబుదామనుకున్నాను. పొలం పోయినవాడి బాధ నూతి దగ్గర నిలబడ్డవాడి కొడుక్కి ఎలా చెప్పాలో తెలియక మింగేశాను. దానియేలు చెయ్యి కడుక్కుని వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"సార్, టెన్తులో నన్ను బడికాడ కులం పేరు పెట్టి తిట్టినారు. ఏడుసుకుంటా మీ కాడికొచ్చినా. గుర్తుందా?"

"గుర్తుంది. నేను గూడా ఏడ్చినా."

"మా నాయినా ఏడ్చినాడు. పల్లె అంతా నా దిక్కే ఉండింది. ఈ సంగతి కూడా నాకు టెన్తులోనే తెల్సింది సార్. దీనికి యాడికి పోయి ఏడ్సాల? నాయిన కాడికి పోల్యా. మీ కాడికి రాల్యా. రెండిట్లో యేది పెద్దదో నేను అడగల్యా సార్. నేను మొయ్యనీకి రెండూ బరువే."

మార్తమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి భర్త వైపే చూస్తున్నారు. చివరికి ఆయన నాపరాళ్ల వైపు చూస్తూ చెప్పారు.

"నువ్వొక్కనివి రా దానియేలూ. నీకు ఎప్పుడూ ఈ ఇల్లుంది. ఇద్దురు గాదు."

మేం చెప్పులు తొడుక్కుంటుంటే మార్తమ్మగారు కాగితంలో చుట్టిన ఓళిగలు, అదే మా వైపు బొబ్బట్లు, తెచ్చి దానియేలుకు కాదు, నాకిచ్చారు. "ఇద్దురూ తినండి," అన్నారు. సారు వినేలాగే అన్నారు.

ముద్దనూరు: బస్సు కోసం

పులివెందుల బస్సు కోసం ముద్దనూరులో ఆగాం. దూరంగా థర్మల్ పొగగొట్టాలు, దగ్గరగా సోడా బండి. సుగంధి సోడా ఇరవై రూపాయలు. ఓళిగలు ఇద్దరం తిన్నాం. రెండు రోజుల ఫలితాలు లెక్క చూసుకుంటే ఆశాజనకంగానే ఉన్నాయి. ప్రొద్దుటూరులో నాకు ఇల్లు దొరికింది. జమ్మలమడుగులో దానియేలుకు దొరికింది. ఇక మేం విడిపోతే చాలు, ఇద్దరం సుఖంగా స్థిరపడొచ్చు.

ఎడిటరు ఫోన్ చేశాడు. "ఏం తేలింది? రెండూ ఒకటేనా, కాదా?" అని అడిగాడు. ఇక్కడ సిగ్నల్ లేదండి అని స్పష్టంగా వినబడేలా చెప్పి పెట్టేశాను. ఆ వ్యాసం రాయలేదు, దాని బదులు ఇదే పంపిస్తున్నాను. ఆ రోజు దానియేలు నవ్వలేదు. కొత్త ఆసుపత్రి గేటు చూపించి, ఇల్లు దొరక్కపోతే లోపలే ఒక గది ఉందట, మంచం వేసుకుని పడుకుంటానన్నాడు. ఒక మంచం అన్నాడు. నేను పొగగొట్టాల వైపు చూస్తూ కూర్చున్నాను.

పులివెందుల: పాలు

మూడో రోజు. వెడల్పాటి రోడ్లు, ఊరి బయట చీనీ తోటలు. మా వైపు బత్తాయి అంటాం, ఇక్కడ చీనీకాయ అంటారు. రసం ముప్పై రూపాయలు, మా ఊళ్లో అరవై. ఇల్లు దొరక్కపోయినా దీనికోసం బదిలీ చేయించుకోవచ్చు.

ఊరి చివర సందులో ఒక పాత ఇల్లు, ఇంటి వెనక పోర్షను, గేటుకు అదే బోర్డు. అరుగు మీద ఓబులమ్మ అనే పెద్దామె చెనక్కాయలు వొలుస్తోంది. నుదుట బొట్టు లేదు. కొట్టంలో ఒక ఎనుము, మా వైపు గేదె అంటాం, మమ్మల్ని మా ఎడిటరులాగే చూస్తోంది.

"ఎవురప్పా మీరు? బోర్డు సూల్లేదా? ఫ్యామిలీకే," అంది.

నేను దానియేలు వైపు చూశాను. రెండు రోజులుగా రెండు గుమ్మాల్లో నిజం అతనే చెప్పాడు. నేను మజ్జిగ తాగాను, ఓళిగలు తిన్నాను.

"మేమిద్దరమే ఫ్యామిలీ అమ్మా," అన్నాను.

చెనక్కాయ వొలిచే చేతులు ఆగాయి.

"ఆడోళ్లు?"

"లేరు. రారు కూడా."

"మొగుడూ పెండ్లాల మాదిరా?"

"అంతేనమ్మా."

"యే కులం?"

"నేను మాలోళ్ల బిడ్డను. ఈయన రెడ్డి," అన్నాడు దానియేలు.

ఓబులమ్మ మమ్మల్ని కిందినుంచి పైదాకా చూసింది. నేను సంచి భుజానికి తగిలించుకున్నాను.

"కొట్టుకుంటారా?" అంది.

"ఆ?"

"దినామూ కొట్టుకుంటారా అంటాండా. ముందుండిన సంసారమూ ఫ్యామిలీనే. మా కులమే, మాకు దూరపు సుట్టమే. అన్నీ సూసే ఇచ్చినా. వాడు ఆ పిల్లను సందకాడ గొడ్డును బాదినట్టు బాదేవాడు. సందంతా గోడలెక్కి సూసింది. పోతా పోతా కరెంటు బిల్లు కూడా కట్టల్యా. ఇంగ యేం సూసి ఇయ్యాలో నాకు తెలీదప్పా."

"అరుచుకుంటాం గానీ కొట్టుకోమమ్మా," అన్నాడు దానియేలు.

"ఏం పని సేస్తాండావు?"

"పశువుల డాక్టర్ని."

ఆమె చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. "ఆ మాట ముందు సెప్పకుండా కులం గిలం అంటాండావే! మా ఎనుము రెండు దినాల్నుంచి సరిగా మేత తినల్యా, రా!" అని అతని చెయ్యి పట్టుకుని కొట్టంలోకి లాక్కెళ్లింది. హక్కులు ఊరేగింపుల వల్ల వస్తాయనీ కోర్టుల వల్ల వస్తాయనీ పుస్తకాల్లో చదివాను. మాకు ఒక ఎనుము అజీర్తి వల్ల వచ్చాయి. అద్దె మాత్రం అయిదొందలు పెంచింది, ఇద్దరూ మగవాళ్లే కాబట్టి ఇద్దరూ సంపాదిస్తారని ఆమె లెక్క. కొడుకు కడప నుంచి వస్తే ఏం చెప్పాలో తర్వాత చూసుకుంటానంది.

అప్పుడు అసలు చిక్కు వచ్చింది. మర్నాడు అమావాస్య. కాబట్టి పాలు పొంగించేదేదో ఆ పూటే పొంగించాలంది. చిన్న గ్యాసు స్టవ్వు, గిన్నె, తన ఎనుము పాలు, రెండు స్టీలు గ్లాసులు తెచ్చి గడప మీద పెట్టి తను వెనక్కి జరిగి వాకిట్లో నిలబడింది.

"ముత్తైదువ పొంగియ్యల్ల. మీకాడ ల్యాకపాయె. మీలో ఎవురో ఒగరు కానియ్యండి," అంది.

"మీరే పొంగియ్యండమ్మా," అన్నాడు దానియేలు. "ఇల్లు మీది."

"నేనా? మొగుడు పోయినదాన్ని. ఈ పోర్షను కట్టిచ్చిన పొద్దు కూడా నీళ్ల తొట్టికాడ నిలబడుకున్నా. కోడలు పొంగిచ్చింది. మీ కొత్త పద్ధతులు మీరు సేసుకోండి నాయినా, నన్ను లాగొద్దు."

రెండు రోజులుగా మాకు మూసుకున్న తలుపుల్ని ఒక్క మాటతో తెరిచిన మనిషి, తను కట్టించిన ఇంటి గడప దాటనంటోంది. నేను వాదించబోయాను. దానియేలు వద్దని సైగ చేసి, స్టవ్వు లోపల పెట్టి వెలిగించాడు.

అర్ధరాత్రి ఆవు ఈనితే చేతులు పెట్టి దూడను లాగే మనిషి, గిన్నెడు పాల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. పాలు పొంగాయి. పొంగి, గిన్నె అంచు దాటాయి. శుభం కదా అని ఇద్దరం మురిసిపోతూ చూస్తున్నాం. ఎంత పొంగాక ఆపాలో మాకు ఎవరూ చెప్పలేదు. పాలు స్టవ్వంతా కారి, మాడి, మంట ఆరిపోయి, గ్యాసు వాసన కూడా మొదలైంది.

"కట్టెయ్యండ్రా గ్యాసు! కండ్లు కనపల్లేదా మీకు!"

ఓబులమ్మ గడప దాటి పరుగున వచ్చి, మమ్మల్నిద్దర్నీ చెరో పక్కకు తోసి, గ్యాసు కట్టేసి, కొంగుతో గిన్నె పట్టుకుని దించింది. "ఇద్దురు సదువుకున్నోళ్లు, ఒగ గిన్నె పాలు కాసేది తెలీదు," అని తిట్టింది. తిడుతూ తిడుతూ ఎక్కడ నిలబడిందో చూసుకుంది. గడప వైపు తిరిగింది. వాకిట్లో ఎవరూ లేరు.

"ఇంగ వచ్చినా గదా. పాలు పొయ్యి," అంది మెల్లగా.

దానియేలు గిన్నెలో మిగిలిన పాలు రెండు గ్లాసుల్లో పోశాడు. పోసి, వాటి వైపు చూస్తూ ఆగిపోయాడు. మనుషులు ముగ్గురు, గ్లాసులు రెండు. ఇమ్మానుయేలు సారు చెప్పిన చూరు నాకు గుర్తొచ్చింది. అతనికీ గుర్తొచ్చి ఉండాలి, ఏ గ్లాసునూ ముట్టుకోలేదు.

ఓబులమ్మ అతని చేతి కిందినుంచి ఒక గ్లాసు తీసుకుంది. ఊదుకుని ఒక గుక్క తాగింది. రెండో గ్లాసు మా వైపు జరిపింది.

"అది మీ ఇద్దురిదీ. సంసారులకు యేరే యేరే గ్లాసులెందుకప్పా?"

దానియేలు సగం తాగి నాకిచ్చాడు. పాలు మాడువాసన కొడుతున్నాయి. ఒక్క చుక్క మిగల్చకుండా తాగేశాను.